యూనివర్సిటీ ఆస్పత్రిలో పుట్టిన హక్కు

యూనివర్సిటీ హెల్త్ సెంటర్ అనగానే మనకి గుర్తొచ్చేవి జ్వరం బిళ్ళలు, హాజరు తక్కువైతే తెచ్చుకునే సర్టిఫికెట్లు. అయితే సీటు సంపాదించిన విద్యార్థి అక్కడ బతికి చదువుకోగలడా లేదా అన్నది కూడా చాలాసార్లు అక్కడే తేలుతుంది. అమెరికాలోని బర్క్‌లీ అనుభవాన్ని మేం ఇక్కడ ముందుపెట్టేది అందుకే.

1906 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం వచ్చింది. ఆ ఏడాదే పక్కనున్న బర్క్‌లీ యూనివర్సిటీలో విద్యార్థుల కోసం చిన్న ఆస్పత్రి మొదలైంది. అందరూ ముందుగా కొంత రుసుం కడతారు, జబ్బుపడ్డవాళ్ళకి వైద్యం అందుతుంది. 1930లో దానికి కోవెల్ ఆస్పత్రి పేరుతో పెద్ద భవనం వచ్చింది.

1962లో ఎడ్ రాబర్ట్స్ అక్కడ చేరాడు. పోలియోతో మెడ కిందనుంచి ఒళ్ళు దాదాపు చచ్చుబడిన మనిషి. రాత్రిళ్ళు ఊపిరాడాలంటే ఇనప యంత్రంలో పడుకోవాలి. ఉద్యోగానికి పనికిరాడని ప్రభుత్వ పునరావాస శాఖ అంతకుముందే తేల్చేసింది. సీటొచ్చినా అంత బరువు యంత్రం పెట్టుకోడానికి హాస్టల్లో చోటు లేదు. అప్పుడు కోవెల్ డాక్టర్ హెన్రీ బ్రూయిన్ ఆస్పత్రిలోనే గది ఇచ్చారు. తర్వాత ఇంకొందరు వికలాంగ విద్యార్థులు వచ్చి చేరారు.

ఇంతవరకూ జరిగింది ఒక మంచి డాక్టరు చేసిన మేలు. దయగా ఇచ్చినదాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. 1969లో పునరావాస శాఖ అధికారి ఒకరు ఇద్దరు విద్యార్థుల్ని అక్కణ్ణించి పంపించేయాలని చూస్తే, మిగతావాళ్ళంతా ఒక్కటై అడ్డుకున్నారు. 1970లో చక్రాల కుర్చీల మరమ్మతు, సహాయకులు, ఇళ్ళ వెతుకులాట వంటి పనులన్నీ వికలాంగులే నడుపుకునే విభాగాన్ని యూనివర్సిటీలో సాధించుకున్నారు. 1972లో ఊళ్ళో సొంత కేంద్రం పెట్టుకున్నారు. పనికిరాడన్న శాఖకే 1975లో రాబర్ట్స్ డైరెక్టర్ అయ్యాడు!

1977లో వివక్ష నిషేధ నిబంధనల అమలు కోసం వికలాంగులు శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రభుత్వ భవనంలో వారాల తరబడి బైఠాయించినప్పుడు వాళ్ళకి అన్నం పెట్టింది బ్లాక్ పాంథర్లు. 1972లో బొంబాయి దళిత యువకులు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది వాళ్ళని చూసే. అణగారినవాళ్ళ ఆకలి అణగారినవాళ్ళకే ముందు తెలుస్తుంది.

ఇక మన సంగతి. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సిలర్ ఉండాలంది. మంచిదే. కానీ కులం పేరుతో అవమానపడి వచ్చిన పిల్లవాడికి "నువ్వే సర్దుకుపో" అని చెప్తే ఆ కుర్చీ ఎవరికోసం? కౌన్సిలర్ నియామకంలో, హెల్త్ సెంటర్ నడిపే కమిటీలో దళిత, ఆదివాసీ, వికలాంగ విద్యార్థుల మాట చెల్లాలని మనం అడగాలి. బర్క్‌లీ విద్యార్థులు ముందు సాధించుకున్నది ఆ అధికారాన్నే.