మస్జిదు ఊడ్చిన స్త్రీ

ధర్మసేవ అనగానే వేదికలు, గ్రంథాలు గుర్తుకు వస్తాయి. అవి దక్కనివారికి తమ పని అల్పమనిపించి మనసు కుంగుతుంది.

మదీనాలో మస్జిదె నబవీని ఊడ్చే నల్లని స్త్రీ ఒకరు ఉండేవారు. (పురుషుడేమోనన్న సందేహం కూడా హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనంలోనే ఉంది, లోకం ఆమెను గుర్తుంచుకున్నది అంతమాత్రమే!) ఇమామ్ బుఖారీ ఈ హదీసును మస్జిదు ఊడ్వడం, గుడ్డపీలికలు, పుల్లలు ఏరడం గురించిన అధ్యాయంలో చేర్చారు. ఏరిన చోట మర్నాడు మళ్ళీ పుల్లలు పడతాయి. ఆ పనికి ముగింపు లేదు. తృప్తి ఏ రోజుకారోజు దొరకవలసిందే. కొద్దిపాటిదైనా నిత్యం సాగే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రియమని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు అర్థమయ్యేది ఇలాంటి చోటనే.

ఆమె మరణాన్ని సహాబాలు చిన్న విషయంగా ఎంచి, దైవప్రవక్త (స)కు తెలుపకుండానే ఖననం చేశారు. ఆమె కానరాకపోవడంతో ఆయన విచారించారు. తమకెందుకు చెప్పలేదని అడిగి, సమాధి చూపించమని వెళ్ళి, అక్కడ ఆమె కోసం జనాజా నమాజు చేశారు.