ఫ్లోరిను

మూలపదార్థములలో బంగారమువలె ఒంటరిగా నుండుటకు సమ్మతించునవి కొన్ని కలవు. ఫ్లోరిను అట్టిది గాదు. ఇది లేతపసుపు వన్నె గల వాయువు. దీని పరమాణుసంఖ్య 9, పరమాణుభారము 19. ఎదుట దాదాపు ఏ పదార్థము కనబడినను దానితో కలియక విడువదు. గంధకము, భాస్వరముల మాట యటుండనిండు. ఇసుకనుండి తీయబడు సిలికను సైతము దీని సోకుడుచేతనే భగ్గున మండును. నీటిలో విడిచినచో నందలి ఉదజనిని లాగికొని ఆమ్లజనిని వెడలగొట్టును.

ఇట్టి దానిని విడదీసి పట్టుట యెట్లు? 1771లో స్వీడనుదేశమున షీలే యను రసాయనవేత్త ఫ్లోరస్పార్ అను ఖనిజమును గంధకామ్లముతో కాచి, గాజును సైతము తినివేయు నొక ఆమ్లమును వెలువరించెను. అందు దాగియున్న ఫ్లోరినును వెలికి దీయుటకు మఱి 115 ఏండ్లు పట్టెను. ఆ ప్రయత్నములో ఐర్లండు దేశపు నాక్సు సోదరులు విషము పీల్చి రోగపీడితులైరి. బెల్జియము దేశపు లూయే, ఫ్రాన్సు దేశపు నిక్లే ప్రాణములనే కోల్పోయిరి.

తుదకు 1886 జూను 26వ తేదీని పారిసు నగరమున ఆన్రీ మ్వాసాన్ జయము గాంచెను. ఆమ్లములో నీరున్నచో విద్యుత్ప్రవాహమువలన ఆమ్లజనియే వచ్చును. నీరు లేనిచో విద్యుత్తు పాఱదు. కావున నాయన నీరులేని ఆమ్లములో పొటాసియము ఫ్లోరైడు లవణమును కరగించి, ప్లాటినము గొట్టములో నుంచి, మిక్కిలి చల్లబఱచి విద్యుత్తును పంపెను. గొట్టమునకు బిరడాలు దేనితో చేయవలెను? ఫ్లోరిను తినని వస్తువు కావలెను గదా! ఆయన ఫ్లోరస్పారుతోనే చేసెను. ఫ్లోరస్పారనగా ఫ్లోరిను, కాల్షియముల కూడిక. కడుపునిండిన వానికి మఱల వడ్డించినట్లే. ఈ యుపాయము మాకు మిక్కిలి ముచ్చట గొలుపుచున్నది. 1906లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

కాల్షియముతో నీ చెలిమియే తెలుగునాట కీడు దెచ్చినది. మన యెముకలయందును పండ్లయందును కాల్షియము మెండు. కొన్ని నల్లఱాతి నేలలలో భూగర్భజలము శిలలనుండి ఫ్లోరైడును కరగించుకొని బావులకు చేరును. దీనివలన కలుగు వ్యాధిని భారతదేశమున మొదట 1937లో నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు వర్ణించిరి. నల్లగొండ జిల్లాయు నీ బాధకు పేరుపడినది. లీటరు నీటిలో 1 మిల్లిగ్రాము లోపల నున్న ఫ్లోరైడు పండ్లకు మేలే. 1.5 మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో, బాల్యమున మొలచు పండ్లపై గోధుమవర్ణపు చారలు పడును. మోతాదు మఱింత హెచ్చినచో కీళ్లు బిగిసి వెన్ను వంగును. వంగిన వెన్నును నిలుపు మందు లేదు.

నీటిని కాచినచో ఫ్లోరైడు పోవునని కొందఱనుకొందురు. అది పొరపాటు, నీరు ఆవిరియై తగ్గినకొలది ఫ్లోరైడు చిక్కనగును. పటికయు సున్నమును తగుపాళ్లలో కలిపి, తేరిన నీటిని వంచుకొను విధమునకు నల్లగొండ పద్ధతి యని పేరు. కాని పాళ్లు తెలియుటకు ముందు నీటిని పరీక్షింపవలెను, ఏలయన నీ విషము రుచిచే గాని రంగుచే గాని తెలియదు. జిర్కోనియము అను లోహముతో కూడిన గులాబివన్నె రంగును నీటిలో వేయుదురు. ఫ్లోరైడు ఆ లోహమును రంగునుండి లాగికొనును. గులాబివన్నె పసుపుగా మాఱును.