అమ్మ నడుము చెప్పిన పాఠం

పోయినేడు నాట్ల కాలంలో అమ్మ నారుకట్టతో గట్టు మీద జారిపడింది. "చూసుకుని నడవొద్దా?" అని కసిరాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి కదా, అన్నీ తెలుసనుకున్నాను. పీజీలో కండరాల పాఠం విన్నాక తప్పు నాదని తెలిసింది.

నడుములోని 5 వెన్నుపూసలను నిలిపేది వెనకనున్న కండరాలు. వాటిలో రెండు రకాల పోగులుంటాయి. ఒకటి నెమ్మదిగా పనిచేసి చాలాసేపు ఓర్చుకుంటుంది. రెండోది చటుక్కున బలం చూపి త్వరగా అలసిపోతుంది. వయసు పెరిగేకొద్దీ రెండోదే ఎక్కువగా సన్నబడుతుంది. నరాల కబురూ ఆలస్యమవుతుంది. అందుకే పెద్దవాళ్లు పొద్దంతా వంగి పనిచేయగలరు గానీ, కాలు జారితే నడుము వెంటనే సర్దుకోలేదు. ముందు తగ్గేది ఓర్పు కాదు, బలమూ అదుపూ.

పైగా చాలాసేపు వంగితే వెన్నుపూసలను కట్టి ఉంచే బంధనాలు సాగి, నడుముకు కాసేపు పట్టు తగ్గుతుంది. కాబట్టి లేవగానే బరువెత్తకూడదు, కాసేపు నిటారుగా నిలబడాలి. వ్యాయామానికి వయసు అడ్డు కాదు. 1990లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 90 ఏళ్లకు అటూఇటూగా ఉన్న వృద్ధులకు 8 వారాల్లోనే కాళ్ల బలం పెరిగింది.

తమ్ముళ్లూ! సెలవులకు ఇంటికెళ్తే అమ్మ చేతిలోని నారుకట్ట మీరందుకోండి. మన చదువులు నిలిచింది ఆ నడుము మీదే.