పాటకు అన్నం పెట్టిన ఊరు

విజయనగరం వచ్చినవాళ్లకి కోట చూపిస్తారు, గంటస్తంభం చూపిస్తారు, పైడితల్లి గుడికి తీసుకెళ్తారు. బొంకులదిబ్బ దగ్గర ‘కన్యాశుల్కం’ గిరీశాన్ని తలుచుకునేవాళ్లూ ఉంటారు. తెలుగువాళ్లు రేడియోల్లో, సినిమా హాళ్లలో ఏళ్ల తరబడి విన్న గొంతుల ఆనవాళ్లు వెతికేవాళ్లు మాత్రం ముందు వెళ్లాల్సింది కోటకు దగ్గర్లోని మహారాజా సంగీత కళాశాలకి.

1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు దీన్ని పెట్టారు. కోట ఉద్యోగి చాగంటి జోగారావు గారి కొడుక్కి చూపు లేదట. ఆ కుర్రాడికి సంగీతం చెప్పించాలన్న ఆలోచనే బడి అయిందని చెబుతారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, బొబ్బిలి దగ్గరి అజ్జాడ మనిషి. ఆయన్ని పండితుల వరసలో కూర్చోబెట్టి దణ్ణం పెట్టేస్తాం గానీ, సినిమా రాకముందు జనాన్ని రాత్రంతా కదలకుండా కూర్చోబెట్టింది హరికథే. కాళ్లకి గజ్జెలు కట్టి ఒంటిచేత్తో ఆ పని చేసిన దాసుగారు, నా లెక్కలో, మన మొదటి జనాకర్షక గాయకుడు.

ద్వారం వెంకటస్వామి నాయుడు ఈ బడికి విద్యార్థిగా చేరదామనే వచ్చారు. ఆయన వయొలిన్ విన్న దాసుగారు, ఈయనకు నేర్పేదేముంది, ఈయనే నేర్పాలి అని ఏకంగా ఆచార్యుడిగా వేయించారు. 1936లో ద్వారం వారే ప్రిన్సిపాల్ అయ్యారు.

ఆయన హయాంలోనే కృష్ణా జిల్లా నుంచి ఒక పేద కుర్రాడు దిగాడు. పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు, చేతిలో డబ్బుల్లేవు. వచ్చేసరికి కళాశాలకి వేసవి సెలవులు. గాత్రం చెప్పే పట్రాయని సీతారామశాస్త్రి, అందరికీ సాలూరి చిన్న గురువుగారు, ఆ కుర్రాడిని చేరదీసి డబ్బు తీసుకోకుండా పాఠం మొదలుపెట్టారు. ఆ గురువుగారిదీ కలిగిన సంసారం కాదు. పాఠం దొరికింది, మరి తిండి? భుజాన జోలె వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకున్నాడు ఘంటసాల. తలా ఒక ముద్ద వేసిన ఆ ఇల్లాళ్లలో ఒక్కరి పేరూ ఏ రికార్డు మీదా లేదు. రాజావారు బడి కట్టించారు సరే, చదువుకునేవాడి కడుపు చూసింది ఊరు. ‘విద్యల నగరం’ అన్న బిరుదులో సగం వాటా ఆ వంటిళ్లదేనని నేనంటాను.

ఈ రుణానుబంధం అక్కడితో తెగలేదు. గురువుగారి అబ్బాయి పట్రాయని సంగీతరావు మద్రాసులో ఘంటసాల పక్కన హార్మోనియం పట్టుకుని ఏళ్లకేళ్లు ఉన్నారు. నూరేళ్లు దాటి బతికి 2021లో కన్నుమూశారు.

పి. సుశీలది మరో దారి. 1935లో ఈ ఊళ్లోనే పుట్టి, ఈ కళాశాలలోనే డిప్లొమా తీసుకుని మద్రాసు రైలెక్కారు. 2016లో గిన్నిస్ వాళ్లు లెక్కగట్టింది 17,695 పాటలు.

ఘంటసాల పుట్టిన 1922లోనే సాలూరు దగ్గర శివరామపురంలో సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు పుట్టారు. తండ్రి సన్యాసిరాజు ద్వారం వారికి మృదంగం వాయించినవారు. సినిమాలతో సంబంధం లేని లలితగీతాలు రికార్డుల మీద జనం నోళ్లకెక్కడం వెనుక రాజేశ్వరరావు పాత్ర పెద్దది. ఆ తర్వాత ‘మల్లీశ్వరి’, ‘మిస్సమ్మ’. వాటి గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పేదేం లేదు.

అయితే కళాశాల వరండాతో ఈ ప్రాంతం పాట అయిపోదు. చర్మం బిగించిన చిన్న డోలుకి నడిమధ్య తీగ కట్టి, లాగి మీటితే పలికే జముకు ఉంది. యాదవుల తప్పెటగుళ్లున్నాయి. శ్రీకాకుళం జిల్లా గోనెపాడులో పుట్టిన గరిమెళ్ల సత్యనారాయణ తెల్లవాళ్ల పాలన మీద పాట రాసి జైలుకి పోయారు. బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథనే తిరుగుబాటు కథగా మార్చి, 1969 డిసెంబరులో పోలీసు తూటాలకి బలయ్యారు. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు ఇక్కడి యాసకి గజ్జె కట్టించి రాష్ట్రమంతా తిప్పారు. చిత్రమేమిటంటే, సినిమా పాటకి సభల్లో సన్మానం చేసే మనం ఈ పాటకి మాత్రం ‘జానపదం’ అని చీటీ అంటించి పక్కన పెడతాం. రెండూ ఈ నేల పంటలే కదా!

పైడితల్లి సిరిమాను ఉత్సవానికి రాదలుచుకున్నవాళ్లు ఒకరోజు ముందే బయల్దేరండి. బొబ్బిలి పక్క గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి ఏకాండి వీణ చేసే కుటుంబాలున్నాయి. అక్కడ కాసేపు కూర్చోండి, పని చూడండి, కొనే స్తోమత ఉంటే బేరమాడకుండా కొనండి.