వాటర్‌షెడ్ నిధులు – నిలవవలసిన నీరు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పరిశీలన

2023 జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మి.మీ. వర్షం నమోదయింది. అదే రోజున మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామం నీట మునిగింది. మరుసటి సంవత్సరం సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా కేసముద్రం సమీపంలో వరద తాకిడికి రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. ఇంతటి వానలు పడే ప్రాంతంలోనే వేసవి నాటికి మెట్ట భూముల బోర్లు వట్టిపోతున్నాయి. కొద్ది రోజుల్లో కురిసిన నీరు వాగుల వెంట సాగిపోగా, యాసంగి పంటకు భూగర్భ జలమే దిక్కవుతున్నది. ఈ రెండు స్థితుల నడుమ నీటిని నిలిపే ప్రయత్నానికే ప్రభుత్వాలు వాటర్‌షెడ్ నిధులు కేటాయిస్తున్నాయి.

నిధుల స్వరూపం

కరవు పీడిత ప్రాంతాల కార్యక్రమం 1973-74లో ప్రారంభమైంది. తెలుగువారైన ఆర్థికవేత్త ఆచార్య సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1994లో ఈ కార్యక్రమాన్ని సమీక్షించింది. దాని సిఫారసుల ఆధారంగా 1995 ఏప్రిల్ నుంచి వాటర్‌షెడ్‌నే ప్రమాణంగా తీసుకొని పనులు చేపట్టే విధానం అమలులోకి వచ్చింది. 2003లో హరియాలీ, 2008లో ఉమ్మడి మార్గదర్శకాలు, 2015లో ప్రధానమంత్రి కృషి సించాయి యోజన ఆ బాటలో వచ్చినవే.

ఆ యోజనలోని వాటర్‌షెడ్ అభివృద్ధి విభాగం రెండవ దశను 2021-22 నుంచి 2025-26 వరకు నిర్దేశించారు. అంతకు ముందు మైదాన ప్రాంతాల్లో హెక్టారుకు రూ. 12,000 ఉన్న వ్యయ పరిమితి ఈ దశలో రూ. 22,000కు పెరిగింది. కొండ, దుర్గమ ప్రాంతాలకు ఇది రూ. 28,000. మన రాష్ట్రానికి వర్తించే నిష్పత్తిలో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. సుమారు 5,000 హెక్టార్ల ప్రాజెక్టుకు మైదాన ప్రాంత పరిమితి ప్రకారం రూ. 11 కోట్లు అవసరమనుకుంటే, అందులో కేంద్ర వాటా రూ. 6.6 కోట్లు, రాష్ట్ర వాటా రూ. 4.4 కోట్లు. ఎకరాకు లెక్కిస్తే ఈ మొత్తం రూ. 9,000 కన్నా తక్కువే. నిర్వహణ, శిక్షణ, జీవనోపాధి కార్యక్రమాలు కూడా ఇందులోనే జరగాలి. కావున ఏ పని ఎక్కడ చేయాలన్న నిర్ణయమే కీలకం.

మూడు జిల్లాలు – వేర్వేరు నేలలు

2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ మూడు జిల్లాలకు ఒకే నమూనా పనికిరాదు. జనగామ ఎత్తైన గ్రానైట్ మెట్ట. ఎర్ర చెలక నేలల కింద పలుచని శిథిల పొర, ఆపై పగుళ్ల రాయి ఉంటాయి. ఇచ్చట కాంటూరు గట్లు, కందకాలు, చిన్న ఊట కుంటలు అనువైనవి. మహబూబాబాద్‌లో గూడూరు వైపు అడవులు, గుట్టలు ఉండగా దిగువన ఆకేరు, మున్నేరు పరీవాహకాల్లో సాగు భూములు ఉన్నాయి. అడవి అంచున రాతి కట్టలతో వరద వేగాన్ని తగ్గించనిదే దిగువ చెక్‌డ్యామ్‌లు పూడికతో నిండిపోతాయి. భూపాలపల్లిలో బొగ్గు నిక్షేపాలున్న గోండ్వానా ఇసుకరాయి విస్తారంగా ఉంది. గ్రానైట్‌తో పోల్చితే ఇసుకరాయి నీటిని ఎక్కువగా ఇముడ్చుకోగలదు గనుక ఊట స్థలాల ఎంపికకు భూగర్భ పటాన్ని ముందుగా పరిశీలించాలి.

616 మి.మీ. కుంభవృష్టిని ఏ చెక్‌డ్యామూ ఆపజాలదు. మిగులు నీరు భద్రంగా పోయే దారి లేని కట్టడం అట్టి వరదలో తెగి మరింత నష్టం కలిగిస్తుంది. మత్తడిని చెరువుకు ప్రాణంగా భావించిన కాకతీయుల నాటి అనుభవం ఇక్కడ స్మరణీయం. గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించిన బయ్యారం చెరువు, ఘనపురంలోని గణపసముద్రం ఈ జిల్లాల్లోనే ఉన్నాయి. 2015 మార్చి 12న ప్రారంభమైన మిషన్ కాకతీయ చెరువుల పూడికతీతను చేపట్టి, ఆ మట్టిని పొలాలకు చేర్చింది. అయితే ఎగువన నేల కోత ఆగనిదే తీసిన పూడిక మళ్లీ చేరుతుంది. చెరువు పునరుద్ధరణ, వాటర్‌షెడ్ పనులు ఒకే ప్రణాళికలో ఉండవలసిన కారణమిదే.

లెక్కల్లో నీరు

10×10 మీటర్ల వైశాల్యం, 2.5 మీటర్ల లోతు గల సేద్యపు కుంటలో 250 ఘనపు మీటర్ల నీరు పడుతుందని సాధారణంగా భావిస్తారు. పక్కలను 1:1 వాలుతో త్రవ్వినపుడు వాస్తవంగా పట్టేది సుమారు 146 ఘనపు మీటర్లు. ఎకరాకు 30 మి.మీ. రక్షక తడి ఇచ్చుటకు 121 ఘనపు మీటర్లు కావాలి. అనగా ఇంకుడు, ఆవిరి నష్టాలను అరికట్టినపుడు ఆ కుంట ఒక నిండులో ఎకరా పంటను ఒక్కసారి కాపాడగలదు. పత్తి కాయ దశలోనో, మొక్కజొన్న పూత దశలోనో ఆ ఒక్క తడి విలువ ఎంతో ఎక్కువ.

భూగర్భ జలం లెక్క మరింత ఆలోచింపజేస్తుంది. బంకమన్ను కలిసిన గ్రానైట్ శిథిల పొరలో తిరిగి తోడదగిన నీరు ఘనపరిమాణంలో 1.5 శాతంగా అంచనాల్లో తీసుకుంటారు. ఒక మీటరు మట్టం పెరిగితే చేరినది 15 మి.మీ. నీరు మాత్రమే. యాసంగి వరికి 1,200 మి.మీ. తోడితే, ఒక ఎకరం వరి 80 ఎకరాల్లో పెరిగిన మీటరు మట్టంతో సమానం. మడి నుంచి కొంత నీరు తిరిగి ఇంకినా తేడా పెద్దదే. అదే నీటితో సుమారు 500 మి.మీ. అవసరమయ్యే ఆరుతడి పంటలను రెండింతలకు మించిన విస్తీర్ణంలో పండించవచ్చు. సాగుకు 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత విద్యుత్తు లభిస్తున్నందున, తోడకానికి పరిమితి గ్రామం తనకు తాను విధించుకోవలసినదే.

పథకం ముగిసిన తరువాత

మూడు నుంచి ఐదేళ్లలో నిధులు ఆగుతాయి. గట్టు తెగడం, చెక్‌డ్యామ్ పూడడం ఆగవు. దీనిని గుర్తించియే 2008 మార్గదర్శకాలు వాటర్‌షెడ్ అభివృద్ధి నిధిని నిర్దేశించాయి. సొంత పొలంలో జరిగే పని వ్యయంలో రైతు కనీసం 10 శాతం, ఎస్సీ, ఎస్టీ, చిన్న, సన్నకారు రైతులు 5 శాతం చెల్లించాలి. ఆ నిధిలో కనీసం సగం ఉమ్మడి ఆస్తుల మరమ్మతుకు వినియోగించాలి. గ్రామసభ ఈ నిధి లెక్కను ఏటా విననిచో వాటా చెల్లింపు కాగితపు తంతుగా మిగులుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం

రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో 1999లో ఇక్రిశాట్ ప్రారంభించిన ఆదర్శ వాటర్‌షెడ్‌లో నీటి కట్టడాలతో పాటు విత్తనం, పోషక యాజమాన్యం, పంటల సరళి కూడా ప్రణాళికలో భాగమయ్యాయి. ఈ మూడు జిల్లాల్లోనూ విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు క్రింది పనులకు పూనుకోవచ్చు.

• పనులకు ముందే ఎంపిక చేసిన బావుల నీటి మట్టాన్ని వర్షాలకు ముందు, తరువాత కొలిచి నమోదు చేయడం; పోల్చుటకు పథకం లేని పొరుగు గ్రామ బావులనూ చేర్చడం.

• ఎగువ గుట్ట నుంచి దిగువ వాగు వరకు పనుల క్రమాన్ని సూచించడం.

• వానాకాలం ముగిసిన వెంటనే గ్రామంలోని నీటిని లెక్కించి, ఆ మేరకే యాసంగి పంటలను గ్రామసభలో చర్చకు పెట్టడం.

• కట్టడాల స్థితిని నిధులు ఆగిన తరువాత కూడా ఏటా పరిశీలించడం.

గ్రాంటు కట్టగలిగేది కట్టడాన్ని. దాని వెనుక చేరిన నీరు మార్చి వరకు నిలిచేదీ లేనిదీ ఊరు ఎంచుకునే పంటను బట్టి ఉంటుంది. పథక విజయాన్ని ఖర్చయిన రూపాయల్లో గాక, వేసవిలో బావిలో మిగిలిన మీటర్లలో కొలిచినపుడే ఈ నిధులకు సార్థకత చేకూరుతుంది.