ఎడారి సంపద ఎవరిది?

ఆఫ్రికా పడమటి తీరాన, మొరాకోకు దక్షిణంగా ఉన్న ఎడారి పశ్చిమ సహారా. అక్కడి బూక్రా గనిలో ఫాస్ఫేటు రాయి దొరుకుతుంది. మన రైతులు పొలంలో చల్లే డి.ఎ.పి. తయారయ్యేది ఇలాంటి రాయితోనే. గని నుంచి సముద్రం దాకా దాదాపు 100 కిలోమీటర్ల కన్వేయర్ బెల్టు దాన్ని మోసుకుపోతుంది.

1975లో స్పెయిన్ ఆ నేలను వదులుకోవడానికి సిద్ధపడగానే మొరాకో, మారిటానియా పంచుకున్నాయి. 1979లో మారిటానియా వైదొలగింది. మొరాకోపై స్థానిక సహ్రావీల పొలిసారియో 1991 వరకూ పోరాడింది. విచారమేమంటే, ఇరుపక్షాలూ కలిమా చదివేవారే! ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతామన్న మాట మీద కాల్పులు ఆగాయి. ఎవరికి ఓటుహక్కు అన్న తగువు తెగలేదు, ఓటింగు జరగలేదు. 2020లో తుపాకులు మళ్ళీ పేలాయి.

మొరాకో అక్కడ రోడ్లు వేసింది, ఇళ్ళు, రేవులు కట్టింది. కాదనలేం. కానీ లక్షకు పైగా సహ్రావీలు అల్జీరియాలోని తిందూఫ్ శిబిరాల్లో సహాయసంస్థలిచ్చే పిండి, పప్పులతో బతుకుతున్నారు. వారికీ స్వస్థలానికీ నడుమ సుమారు 2,700 కిలోమీటర్ల ఇసుక గోడ, దాని వెంబడి మందుపాతరలు. ఒకరి పొలంలో అడగకుండా బావి తవ్వి, "నీ మేలుకే" అంటే ఆ ఆసామి ఒప్పుకుంటాడా?

2024 అక్టోబరులో ఐరోపా న్యాయస్థానం ఈ మాటే అడిగింది. అక్కడి ప్రజల సమ్మతి లేదంటూ మొరాకోతో ఐరోపా చేసుకున్న వ్యవసాయ, చేపల ఒప్పందాలను తప్పుపట్టింది. ఫాస్ఫేటు ఓడల సంగతి ఆ తీర్పులో లేదు. ఇటీవలి సంవత్సరాల్లో వాటిలో కొన్ని మన దేశపు రేవులకూ వచ్చాయి.