రోమకూపానికి తగిన సూది

అవాంఛిత రోమాలకు ఎలక్ట్రాలిసిస్ చేయించుకోవచ్చునా అని పాఠక సోదరీమణులు నన్ను తరచుగా అడుగుతుంటారు. తప్పక చేయించుకోవచ్చును. అయితే సూది ఎంపిక తెలిసినవారి చేతనే చేయించుకోవాలి.

కొన్నాళ్ళ క్రితం ఒక తల్లి తన కుమార్తెను నా వద్దకు తీసుకొని వచ్చింది. పెండ్లిచూపుల తొందరలో గడ్డంపై వెంట్రుకలు తీయించగా, చర్మం కాలి నల్లని మచ్చలు మిగిలినవి. విచారించగా, బిరుసు వెంట్రుకలకు సైతం అతి సన్నని సూదినే వాడి, విద్యుత్తును పెంచినట్లు తెలిసింది.

ఈ పద్ధతి నేత్రవైద్యం నుండి పుట్టినది. కంటిలో గుచ్చుకొనే రెప్పవెంట్రుకలను ఈ విధంగా నిర్మూలించవచ్చునని 1875లో అమెరికా వైద్యుడు ఛార్లెస్ మిషెల్ ప్రకటించాడు. ఆ వ్యాధినే సుశ్రుతుడు పక్ష్మకోపమని పేర్కొని, శస్త్రంతోపాటు క్షారాన్ని, అగ్నిని చికిత్సగా చెప్పాడు. నేటి యంత్రంలోనూ ఆ రెండే ఉన్నవి. ఏకముఖ విద్యుత్తు రోమకూపంలోని ఉప్పునీటి నుండి తీక్ష్ణక్షారాన్ని పుట్టిస్తుంది. అధిక పౌనఃపున్య విద్యుత్తు వేడిని పుట్టిస్తుంది.

సూదులు సాధారణంగా 2 నుండి 6 నంబర్ల వరకు లభిస్తాయి. 2 నంబరు మందం 0.002 అంగుళం, అనగా సుమారు 0.05 మిల్లీమీటరు, 6 నంబరు సుమారు 0.15 మిల్లీమీటరు. సూది మందం వెంట్రుక మందానికి సమానంగా ఉండాలన్నది సూత్రం. పెదవిపై నూగుకు సన్ననిది, గడ్డంపై బిరుసు రోమానికి లావుపాటిది తగును. సన్నని సూదిలో విద్యుత్తు ఒకేచోట కేంద్రీకృతమై మంట, నొప్పి అధికమగును. లావు సూదిలో అది విస్తరించును. కూపంకంటె లావైనది మాత్రం లోనికి సాఫీగా దిగదు, బలవంతం చేస్తే గాయమగును. సరిగా చేసినపుడు వెంట్రుక లాగనవసరం లేకుండానే జారి వస్తుంది. పీకినట్లు అనిపిస్తే వెంటనే చెప్పండి.

ప్రతిసారీ కొత్త, శుద్ధిచేసిన సూదినే వాడమనండి. చికిత్సకు ముందు కొన్ని వారాలు వెంట్రుకలు పీకరాదు, కత్తిరించుకోవచ్చును. తరువాత చల్లని తడిగుడ్డ వేసి, రెండు మూడు రోజులు నలుగు, సున్నిపిండి రుద్దడం మానాలి. గుండెలో పేస్‌మేకరు ఉన్నవారు ఈ చికిత్సకు పోరాదు.

ఆ బాలికకు ఋతుక్రమం కూడా సరిగా లేదని తెలిసి స్త్రీవైద్యురాలి వద్దకు పంపాను. అండాశయాలలో దోషం బయటపడింది. మచ్చలు నెమ్మదిగా పలచబడినవి. హఠాత్తుగా ముఖాన బిరుసు రోమాలు పెరిగినపుడు, సూదికంటె ముందు కారణాన్ని వెదకండి.